సముద్రం అడుగున మునిగిన ఓడ మీద డాక్యుమెంటరీ ఎలా తీస్తారు? షూటింగ్‌కి వెళ్లేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

మీరు అడిగినవి రెండు: వేల మీటర్ల లోతున ఉన్న ఓడను అసలెలా షూట్ చేస్తారు, మొదటిసారి కెమెరా అసిస్టెంట్‌గా వెళ్తున్న మీరు దేనికి సిద్ధపడాలి. నేను సినిమావాణ్ణి కాదు, ఆర్‌ఓవీ పైలట్‌ని, అంటే ఓడ మీద కూర్చుని, నీటి అడుగుకి దింపిన మనుషుల్లేని యంత్రాన్ని కేబుల్ ద్వారా నడిపేవాణ్ణి. కాకినాడ తీరంలో, కేజీ బేసిన్ ఆయిల్ పనుల్లో ఈ పని నేర్చుకున్నాను. తర్వాత హిందూ మహాసముద్రంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక సరుకుల ఓడను వెతికే యాత్రలో డాక్యుమెంటరీ టీమ్‌తో కలిసి పనిచేశాను. అడుక్కి కెమెరాను మోసుకెళ్లేది మా యంత్రమే కాబట్టి, నా వైపు నుంచి చెప్తాను.

ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. ఏమీ దొరకని గంటల్లో కూడా కంట్రోల్ వ్యాన్‌లో, అంటే ఓడ మీద మేం యంత్రాన్ని నడిపే గదిలో, కెమెరా నడుస్తూనే ఉండాలి. ఓడ కనబడే క్షణం ఒక్కసారే వస్తుంది, అదీ చెప్పి రాదు. 1985 సెప్టెంబర్ 1న, అర్ధరాత్రి దాటాక, ఆర్గో అనే పరికరం పంపుతున్న వీడియోలో టైటానిక్ బాయిలర్ కనబడింది. అప్పుడు యాత్ర నాయకుడు రాబర్ట్ బలార్డ్ తన క్యాబిన్‌లో పుస్తకం చదువుకుంటున్నారు. వంట చేసే ఆయన వెళ్లి పిలుచుకొచ్చారు. 2022 మార్చి 5న అంటార్కిటికా దగ్గర వెడెల్ సముద్రంలో, 3,008 మీటర్ల లోతున ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ దొరికింది. ఆ సమయానికి యాత్ర పెద్దలు మెన్సన్ బౌండ్, జాన్ షియర్స్ మంచు మీద నడవడానికి వెళ్లారు. తిరిగొచ్చాకే వాళ్లకు తెలిసింది. నాయకుడి వెనకాలే తిరిగే కెమెరాకి ఇలాంటి క్షణాలు చిక్కవు.

మా యాత్రలోనూ అదే జరిగింది. తెల్లవారుజామున సోనార్ (శబ్దంతో అడుగును వెతికే పరికరం) ముందు కూర్చున్న అమ్మాయి మాట మధ్యలో ఆపేసి స్క్రీన్ వైపు వంగింది. ఎవరినీ పిలవలేదు, వేలితో చూపించింది, అంతే. కెమెరామెన్ నిద్రలో ఉన్నారు. వ్యాన్ మూలన బిగించిన చిన్న కెమెరా ఒక్కటే దాన్ని పట్టింది. పొద్దున్న డైరెక్టర్ అందరినీ కూర్చోబెట్టి అదే సంఘటన మళ్లీ చేయించారు. మంచి లైటింగ్, మంచి లెన్స్. కానీ ఎడిటింగ్‌లో నిలిచింది మూలనున్న కెమెరా షాటే. నిజంగా ఆశ్చర్యపోయిన ముఖాన్ని మళ్లీ చేయించలేం.

ఇక నీళ్ల కింద సంగతి. వెయ్యి మీటర్లు దాటితే సూర్యకాంతి అసలుండదు. మనం తీసుకెళ్లిన లైట్లే దిక్కు. ఆ వెలుగులోనూ ఎరుపు రంగును నీళ్లు ముందే మింగేస్తాయి, కాబట్టి కొన్ని మీటర్లు దూరం జరిగినా అంతా నీలంగా మారిపోతుంది. పైగా నీళ్లలో ఎప్పుడూ తేలుతూ ఉండే నలుసులు లైటు పడగానే మంచు కురుస్తున్నట్టు మెరుస్తాయి. అందుకే లైట్లను లెన్స్ పక్కనే పెట్టకుండా చేతుల్లా పక్కలకు చాచి బిగిస్తాం. ఓడ మొత్తాన్ని ఒకే షాట్‌లో చూపించడం కుదరదు. సినిమాల్లో మీరు చూసే ఆ పూర్తి దృశ్యం వేల, లక్షల ఫొటోలు కలిపి కట్టిన త్రీడీ నమూనా. 2022లో టైటానిక్‌ను స్కాన్ చేయడానికి 7 లక్షలకు పైగా ఫొటోలు తీశారు.

బురద పెద్ద తలనొప్పి. యంత్రాన్ని నెట్టే ఫ్యాన్, అదే థ్రస్టర్, కొంచెం గట్టిగా తిరిగినా అడుగునున్న మట్టి లేచి చాలాసేపు ఏమీ కనబడదు. ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి నెమ్మదిగా వెళ్తే మట్టి మన వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి పైలట్ “ఆగండి” అంటే తొందరపెట్టకండి. మూడు వేల మీటర్ల దిగువకి చేరడానికే గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

ఎక్కగానే మీరు అడగాల్సినవి చెప్తాను. ఆర్‌ఓవీ వీడియోని, లోతూ దిక్కూ చూపించే అంకెలు లేకుండా, క్లీన్ ఫీడ్‌గా రికార్డ్ చేయమనండి. అంకెలతో రికార్డయినవి తర్వాత చెరపలేరు. వ్యాన్ లోపలి కెమెరాలకూ మా రికార్డర్‌కూ ఒకే టైమ్‌కోడ్ (ఫుటేజీలో నమోదయ్యే సమయం) ఉండాలి, లేకపోతే ఎడిటర్‌కు నరకం. వ్యాన్‌లో ఏసీ హోరు ఎక్కువ, అందుకని పైలట్లు మాట్లాడుకునే ఇంటర్‌కామ్ నుంచి నేరుగా ఆడియో తీసుకోండి. ఫుటేజీ రెండు డిస్కుల్లో, రెండు వేర్వేరు గదుల్లో ఉంచండి. వాంతుల మాత్ర కదలిక మొదలవకముందే వేసుకోండి.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యం. అది మనుషులు చనిపోయిన చోటు. టైటానిక్ శిథిలాల్లో జతగా పడి ఉన్న బూట్లు కనిపిస్తాయి. ఓడ దొరికిన ఆ రాత్రి బలార్డ్ బృందం కూడా సంబరం మధ్యలోనే ఆగి, తామున్న ఓడ వెనక భాగంలో చేరి చనిపోయినవాళ్లను తలచుకుంది. ఏది తీయాలో, ఏది తీసినా చూపించకూడదో డైరెక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. డైవ్ మధ్యలో ఆ వాదన పెట్టుకోకూడదు.

మొదటి రోజే పైలట్ల దగ్గర కూర్చుని మీకు కావాల్సిన షాట్లను కాగితం మీద రాసివ్వండి, అత్యవసరమైనవి పైన ఉండేలా. గాలి పెరిగితే డైవ్ మధ్యలోనే యంత్రాన్ని పైకి లాగేస్తాం. అప్పటికి పై మూడు షాట్లు అయ్యాయంటే మీ పని చాలావరకు అయినట్టే.