వెల్లుల్లికి లవంగాలుండవు

సందేహం: వంటల పేజీలో ‘నాలుగు వెల్లుల్లి లవంగాలు’ అని చదివాను. రెబ్బలనాలా, పాయలనాలా? అక్కడే వెల్లుల్లి ఘాటుకు కారణమైన అల్లిసిన్ గురించి, యూరప్‌లో తినే ‘అడవి వెల్లుల్లి’ గురించి కూడా రాశారు. ఆ పేరు సరైనదేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: లవంగాలు మాత్రం కావమ్మా! ఇంగ్లీషులో లవంగమూ క్లోవే, వెల్లుల్లి రెబ్బా క్లోవే. కానీ పుట్టుక వేరు. మొదటిది లాటిన్ ‘క్లావుస్’ నుంచి వచ్చింది, అంటే మేకు. లవంగం తల చూడండి, తెలుస్తుంది. రెండోది చీల్చడమనే అర్థమున్న ‘క్లీవ్’కి చుట్టం. అనువాద యంత్రానికి ఈ సంగతి తెలియకపోవచ్చు. దాన్ని యథాతథంగా అచ్చేసినవారు ఒక్కసారైనా వెల్లుల్లి వలిచి ఉండరా?

మన ‘పాయ’ కూడా ఆ చీలిక నుంచి వచ్చిందే. పాయు అంటే విడిపోవు. ఎడబాయడంలో ఉన్నది అదే. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలవుతుంది, జడ మూడు పాయలతో అల్లుతాం, వెల్లుల్లి గోటితో నొక్కితే పాయలుగా విడుతుంది. మరి ఉల్లికి పాయలెక్కడివి, అన్నీ పొరలే కదా? వెల్లుల్లికి అమరిన మాట ఉల్లికీ అంటుకుందని నా ఊహ. పట్టుబట్టను.

చిక్కేమిటంటే, కొన్ని ఇళ్లలో పాయంటే మొత్తం గడ్డ, కొన్నింట ఒక్క రెబ్బ. మా ఇంట్లో ఓసారి కారప్పొడికి ‘నాలుగు పాయలు’ అంటే కొత్త కోడలు నాలుగు గడ్డలూ వలిచి వేసింది. తప్పు ఆమెది కాదు, మాటది. అందుకని వంట రాసేవారు ‘రెబ్బ’ అంటే మేలు. ఎల్లిగడ్డ, తెల్లగడ్డ, చిన్నుల్లి అన్నీ మంచి మాటలే. వెల్లుల్లిలో ‘వెల్’ తెలుపు, వెన్నెలలో ఉన్నదే.

అల్లిసిన్‌లో అల్లం లేదు. లాటిన్‌లో అల్లియం అంటే వెల్లుల్లే. 1944లో కావల్లిటో, బెయిలీ అనే అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి, బాక్టీరియాను అడ్డుకుంటుందని చూపారు. తమాషా ఏమిటంటే, చెక్కుచెదరని రెబ్బలో అది ఉండదు. అల్లిసిన్‌గా మారే అల్లిన్ అనే పదార్థం ఒక అరలో, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకో అరలో ఎడబాసి ఉంటాయి. దంచితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. మనం విడగొడితే అవి కలుస్తాయన్నమాట! వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి కచ్చాపచ్చాగా దంచి, కాసేపు ఆగి పోపులో వేయండి. రెబ్బను అలాగే సలసలకాగే నూనెలో పడేస్తే రుచి దక్కుతుంది, అల్లిసిన్ దక్కదు.

ఇక ‘అడవి వెల్లుల్లి’. యూరప్ అడవుల్లో వసంతంలో ఆకు కోసుకు తినే ఆ మొక్కకు శాస్త్రనామం అల్లియం ఉర్సినుమ్. ఉర్సుస్ అంటే ఎలుగుబంటి. ఆకు నలిపితే వెల్లుల్లి వాసనే, అందులో పుట్టేదీ అల్లిసిన్, దాని చుట్టాలే. మాటగా చూస్తే మీ పత్రిక రాసింది తప్పనలేను. కానీ మన దగ్గర అడవి ఉల్లి అంటే నక్కవుల్లి. అది విషం, గుండె మీద పనిచేస్తుంది. ‘అడవి’ అనే మాట చూసి ఎవరైనా ఆ గడ్డ తవ్వుకొస్తే? నేనైతే ‘ఎలుగు వెల్లుల్లి’ అంటాను. నవ్వుతారేమో, నవ్వనివ్వండి.