వలయాల లెక్క కలవడం లేదా? ముందు పోల్చి చూడండి

ఒకే కొండవాలులోని రెండు చెట్ల కాండం నమూనాల్లో, ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలు ఒకదానికి మూడు తక్కువ వచ్చాయని, రెండింటిలోనూ బెరడు వైపుకు వలయాలు సన్నబడుతున్నాయి కాబట్టి వానలు తగ్గాయనుకోవచ్చా అని అడిగారు.

లెక్కపెట్టడం ఆపి, పోల్చండి. తీవ్రమైన కరవు ఏడాదిలో కొన్ని చెట్లు కాండం చుట్టూ పూర్తి వలయం వేయవు. మీ నమూనా ఆ ఖాళీ వైపు నుంచి వచ్చి ఉంటే ఆ ఏడాది అసలు కనిపించదు. పెరిగే కాలం మధ్యలో ఎండ కాసి మళ్లీ వాన పడితే దొంగ వలయం కూడా ఏర్పడుతుంది. దాని అంచు మసకగా ఉంటుంది, అసలుదాని అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. బెరడు నుంచి లోపలికి వెళ్తూ, బాగా సన్నని వలయాలను రెండింటిలోనూ గుర్తించి పక్కపక్కన పెట్టండి. వరుస జారిన చోటే మీ సమస్య ఉంది. అమెరికా నైరుతిలోని ప్రాచీన కట్టడాల దూలాల కాలాన్ని 1929లో ఖగోళ శాస్త్రవేత్త ఎ.ఇ. డగ్లస్ తేల్చింది ఈ పోలికతోనే. అయితే రెండు చెట్లు మరీ తక్కువ, ఇరవై దాకా ఉంటే నమ్మకం కుదురుతుంది.

ఇక సన్నబడటం. తొందరపడకండి, అది చాలావరకు వయసు ప్రభావం. కాండం లావెక్కేకొద్దీ అంతే కలప పెద్ద చుట్టు మీద పరచుకోవాలి. ఆ ధోరణికి ఒక వక్రరేఖ గీసి, కొలిచిన వెడల్పును దానితో భాగించండి. వచ్చిన సూచికనే వర్షపాత రికార్డుతో పోల్చాలి. తేలిన సంబంధం సరైనదో కాదో పరీక్షించడానికి కొన్నేళ్ల రికార్డును ఈ పోలికలో వాడకుండా పక్కన ఉంచుకోండి.