మొదటి తుంటి మార్పిడికి ముందు

అమ్మా చిన్నీ,

వచ్చే వారం తుంటి మార్పిడి ఆపరేషన్ మొదటిసారి నువ్వే ముందుండి చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా గర్వంగా ఉంది, గుండెలో దడగానూ ఉంది.

చదువుకున్నవి నీకు చెప్పక్కర్లేదు. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. థియేటర్ తలుపులు ఊరికే తెరవనివ్వకు. కీలును ఎముకకు పట్టి ఉంచే సిమెంటు వాడితే, పెట్టబోయే ముందు మత్తు డాక్టరుకు చెప్పు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

నా భయం వేరే. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద సర్జన్ ఉండేవారు. పనిలో ఆయనకు తిరుగులేదు, నోరు మాత్రం మంచిది కాదు. ఒకరోజు పొద్దున్నే ఏదో పరికరం ఆలస్యమైందని సిస్టర్‌ను అందరి ముందూ కసిరారు. తర్వాత తుంటి గుంటలో అమర్చిన కప్పులో 36 మిల్లీమీటర్ల లైనర్, అంటే లోపలి పొర, పెట్టారు. అందులో తిరగాల్సిన బంతి, అదే హెడ్, మాత్రం 32ది తెరిచారు. పెట్టె మీద అంకె ఆవిడ చూసింది, కానీ నోరు విప్పలేదు. పెద్ద హెడ్ అయితే లైనర్‌లో అసలు దూరదు కాబట్టి వెంటనే తెలిసిపోయేది. చిన్నది దూరింది. కుట్లు కూడా పూర్తయ్యాక, ఇంప్లాంట్ స్టిక్కర్లు కేసు షీటు మీద అంటిస్తూ ఆవిడ ఏడ్చేసింది. కుట్లు విప్పి మళ్లీ తెరిచాం. పేషెంటు ఇంకా టేబుల్ మీదే ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ కీలు ఎన్నిసార్లు జారేదో! తప్పంతా సిస్టర్ మీదకే తోశారు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. పొద్దున తిన్న తిట్లే ఆవిడ నోరు నొక్కేశాయి.

నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది తల్లీ. థియేటర్‌లో అది వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో, కోతకు ముందు అందరూ పేరూ పనీ చెప్పుకోవాలని ఉంది. దాన్ని తంతుగా దాటేయకు. అప్పుడు గొంతు విప్పినవాళ్లకు తర్వాత నిన్ను ఆపడానికి ధైర్యం వస్తుంది. పెట్టె తెరిచే ముందు సైజు పైకి చదివించు, నువ్వూ తిరిగి చెప్పు. ఎవరైనా ఆపితే, వాళ్లు పొరబడినా సరే, థాంక్స్ చెప్పు.

ఇక పేషెంటు. ముందురోజు పక్కన కూర్చుని ఏం కోరుకుంటున్నారో అడుగు. ఒకరికి మెట్లెక్కాలి, ఇంకొకరికి రాత్రిపూట నొప్పి లేకుండా పడుకుంటే చాలు. కాళ్ల పొడవులో కొంచెం తేడా అనిపించవచ్చని అప్పుడే చెప్పు. చెప్పకపోతే, ఎక్స్‌రే ఎంత బాగున్నా మోసపోయామనుకుంటారు. వాకర్‌తో మొదటిసారి నడిపించేటప్పుడు నువ్వూ వెళ్లి నిలబడు.

ఆ రోజు పొద్దున ఏమైనా తిని వెళ్లు. ఆకలేస్తే నీకు కోపం ఇంకా ఎక్కువ. అయిపోయాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న