ఎంజీబీ కొనుక్కో, హోండా సిటీని మాత్రం అమ్మేయకు

శ్రీకాకుళం

చిరంజీవి సంతోష్‌కు మావయ్య ఆశీస్సులు.

విశాఖలో ఎవరో 1972 నాటి ఎంజీబీ, అదే ఆ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, అమ్ముతున్నారట, నీ హోండా సిటీ ఇచ్చేసి అది తెచ్చుకుంటానంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. (ఆవిడ దిగులంతా దానికి ఏసీ లేదనే.) కొనుక్కో, కాదనను. సిటీని మాత్రం అమ్మేయకు.

స్పీడు కోసమైతే అసలు వద్దు. ఎంజీబీది 1798 సీసీ ఇంజన్, కొత్తలోనే 95 హార్స్‌పవర్. నీ సిటీ 1498 సీసీతోనే 120 దాకా ఇస్తుంది. నాతవలస నుంచి విజయనగరం వచ్చే దారిలో గేదె అడ్డొస్తే, సిటీలో బ్రేకు గట్టిగా తొక్కి కూడా పక్కకు తప్పించుకోగలవు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఎంజీబీకి లేదు. చక్రాలు పట్టేస్తే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. దాని సరదా వేరు. నేలకు ఆనుకున్నట్టు కూర్చుంటాం, పొట్టి గేరు రాడ్డు చేతి కిందే ఉంటుంది, అరవైలో పోతున్నా వందలో ఉన్నట్టుంటుంది.

ఇంజన్ గురించి టెన్షన్ పడకు. మన పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ అదీ ఒకే బి-సిరీస్ కుటుంబంవే. టాపెట్లు సెట్ చేసే పాత మేస్త్రీలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ మోడల్ 5 లక్షలకు పైగా తయారైంది, సామాన్లు ఇప్పటికీ ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు.

చూడాల్సింది బాడీని. లారీకున్నట్టు దీనికి వేరే ఛాసిస్ ఉండదు. తలుపుల కింద అటూ ఇటూ ఉండే సిల్స్ మీదే బలమంతా. మన సముద్రపు గాలికి అవి తుప్పు పట్టాయంటే, పుట్టీ పెట్టి పెయింట్ కొడతారు, కంటికి తెలీదు. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా జరుపు. ఎక్కడ అంటుకోకుండా జారిపోతుందో అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. తర్వాత తలుపు మూసి, జాకీతో ఆ పక్క లేపించు. తలుపు వెనకంచు దగ్గర సందు మూసుకుపోతున్నా, తలుపు బిగుసుకుని తెరుచుకోకపోయినా, ఆ బండికి నడుం పోయినట్టే. ఎంత తగ్గించినా వద్దు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులు దానికి ఆగవు, కొన్న వెంటనే మార్పించు.

కాగితాల్లో ఒక మెలిక ఉంది. 50 ఏళ్లు దాటిన బండికి 2021 రూల్స్ కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి ‘వీఏ’ నంబరు తీసుకుంటే, ర్యాలీలకూ ప్రదర్శనలకూ, పెట్రోలుకూ రిపేరుకూ తప్ప రోజూ తిప్పకూడదు. అదే మామూలు ఆర్‌సీ అయితే, మొదటి 15 ఏళ్ల తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించి ఉండాలి. ఏది ఉందో ఫొటో తెప్పించుకుని నాకు పంపు. వాళ్లు ఎంత తొందరపెట్టినా అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు. వాళ్లు జాకీ పెట్టనివ్వకపోతే అక్కణ్నుంచే వచ్చేయ్.

ఆదివారమైతే నేనూ వస్తాను. సిటీలోనే వెళ్దాం, నా మోకాళ్లకు అదే నయం.

మీ మావయ్య