టెక్ సందేహాలు: ఫోన్ వాళ్ల చేతికే ఇవ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చూపు, వినికిడి, చేతుల కదలిక గురించినవే ఎక్కువ. వరసగా చదువుతుంటే ఒక విషయం మనసుకు తట్టింది. 'మా నాన్నగారికి', 'మా అమ్మకి' అంటూ మొదలయ్యేవే చాలా ఉన్నాయి. ఫోన్ వాడేది ఒకరు, సందేహం అడిగేది ఇంకొకరు. ప్రేమ ఉండబట్టే అడుగుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఈ జవాబులు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. సెట్టింగ్ మార్చేటప్పుడు తెరమీద వేలు వాళ్లదే ఉండనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారికి గ్లకోమా. చూపు బాగా తగ్గింది. ఎవరో చెబితే ఆయన ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెరమీద ఉన్నది చదివి వినిపించే సౌకర్యం) ఆన్ చేశాను. అప్పటినుంచి ముట్టుకుంటే మాట్లాడటమే తప్ప ఏదీ ఓపెన్ కావడం లేదు, తెర పైకీ కిందికీ జరగడం లేదు. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేశారు. దీన్ని ఎలా ఆపాలి?

ఆపడం ముందు చెబుతాను, ఆ టెన్షన్ పోతుంది. వాల్యూమ్ పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి 3 సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే షార్ట్‌కట్. మళ్లీ అలాగే నొక్కితే ఆన్ అవుతుంది.

కానీ ఇప్పుడే ఆపేయకండి. ఫోన్ పాడవలేదు. టాక్‌బ్యాక్ ఆన్ కాగానే వేలితో చేసే పనుల పద్ధతి మారిపోతుంది, అంతే. ఒకసారి ముట్టుకుంటే 'ఇది ఫలానా' అని చెప్పి ఊరుకుంటుంది. కావలసింది వినపడ్డాక తెరమీద ఎక్కడైనా సరే టకటకా రెండుసార్లు తడితే అప్పుడు తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ బొమ్మమీదే తట్టాలని లేదు, చూపు లేనివారికి ఇందులో ఉన్న సుఖం అదే. ఒక వేలితో కుడివైపు తోస్తే తర్వాతి దానికి, ఎడమవైపు తోస్తే వెనకటి దానికి వెళ్తుంది. తెర పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్లు కలిపి జరపాలి. మీ నాన్నగారు ఒక్క వేలితో జరుపుతూ ఉండి ఉంటారు, అందుకే కదల్లేదు.

నేను మొదట నేర్చుకున్నప్పుడు కళ్లు మూసుకుని ఒకే ఒక్క పని పెట్టుకున్నాను: ఒక నంబరుకి ఫోన్ కలపాలి. తెర అడుగున వేలు పెట్టి మెల్లగా జరిపాను. 'ఫోన్' అని వినపడింది. వేలు తీసి రెండుసార్లు తట్టాను. కాంటాక్ట్స్ వచ్చాయి. ఒక్కో పేరూ వింటూ కుడివైపు తోసుకుంటూ వెళ్లాను. మధ్యలో రెండుసార్లు దారి తప్పి మొదటికి వచ్చాను. మొత్తానికి అవతలి గొంతు వినపడేసరికి 20 నిమిషాలైంది. మర్నాడు 5 నిమిషాలు పట్టింది. మీరూ ముందు అలా చేసి చూడండి. అప్పుడు నాన్నగారికి నేర్పేటప్పుడు 'అబ్బ, అక్కడ కాదు, ఇక్కడ' అనరు. రోజుకొక పని చాలు. మొదటిరోజు ఫోన్ ఎత్తడం, పెట్టేయడం. తర్వాత ఫోన్ చేయడం. ఆ తర్వాతే వాట్సాప్.

మాట తెలుగులో రావాలంటే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ తెరిచి తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోండి. వేగం మొదట్లో బాగా తగ్గించండి. అలవాటు పడ్డవాళ్లు మనకి ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా వింటారు, అది తర్వాతి సంగతి.

ఇంకొకటి. చూపు తగ్గినవాళ్లకి ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని అక్షరాలు వీలైనంత పెద్దవి చేయడం. చూపు మధ్యభాగం దెబ్బతిన్నవారికి ఇది చాలావరకు సాయపడుతుంది. గ్లకోమాలో మామూలుగా ముందు పక్కచూపు పోతూ వస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. అక్షరం మరీ పెద్దదైతే ఆ మిగిలిన కాస్తలో పట్టదు, పదం ముక్కలై పోతుంది. అలాంటివారికి మధ్యరకం సైజు, నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు హాయిగా ఉండొచ్చు. ఏది బాగుందో మీరు నిర్ణయించకండి, ఒక్కో సైజులో ఒకే వాక్యం పెట్టి ఆయన్ని చదవమనండి.

ప్రశ్న: అమ్మ చెవి మిషన్‌కి బ్లూటూత్ ఉంది. కొత్త ఫోన్ కొన్నాం, ఎంత ప్రయత్నించినా జత కావడం లేదు. అసలు అమ్మ మిషనే పెట్టుకోవడం మానేసింది. ఫోన్‌లో యాప్ ఏదైనా ఉంటే అదే వాడమందామా?

జత చేయడం చిన్న పని. ఇయర్‌ఫోన్లని జత చేసే బ్లూటూత్ లిస్టులో కాదు, సెట్టింగ్స్‌లోని యాక్సెసబిలిటీలో 'హియరింగ్ డివైసెస్' అని ఉంటుంది, అక్కడ వెతకండి. జత చేసేముందు మిషన్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయండి. పాత ఫోన్ దగ్గర్లో ఉంటే దాని బ్లూటూత్ ఆపేయండి, మిషన్ దానికే అతుక్కుపోయి ఉండొచ్చు.

అప్పటికీ కాకపోతే ఫోన్, మిషన్ ఒకదానితో ఒకటి కలిసే పద్ధతులు వేరన్నమాట. ఐఫోన్‌కి 2013 నుంచి దాని సొంత పద్ధతి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆషా అని ఇంకొకటి ఉంది, ఆండ్రాయిడ్ 10తో వచ్చింది, అదీ అన్ని ఫోన్లలో ఉండదు. ఇప్పుడు ఈ గొడవ తీర్చడానికి బ్లూటూత్ ఎల్ఈ ఆడియో అనే ఉమ్మడి పద్ధతి వస్తోంది. మిషన్ మోడల్ పేరు పట్టుకుని దాని కంపెనీ ఇచ్చే ఫోన్ల జాబితాలో మీ ఫోన్ ఉందో లేదో చూడండి. ఎవరైనా సరే ఈ పని ఫోన్ కొనేముందే చేయాలి.

మీ ఉత్తరంలో అసలు ప్రశ్న మాత్రం అమ్మ మిషన్ ఎందుకు మానేశారన్నది. మా పెదనాన్న సంగతి చెబుతాను. మిషన్ పెట్టించిన రోజు సాయంత్రం ఇల్లంతా చుట్టాలు. అరగంటలో తీసి జేబులో వేసుకున్నారు. మేమంతా ఆయనకి నామోషీ అనుకున్నాం, నచ్చజెప్పాం, ఒకరిద్దరు కోప్పడ్డారు కూడా. ఆ మిషన్ నెలల తరబడి సొరుగులో ఉండిపోయింది. చివరికి నేను పక్కన కూర్చుని అడిగితే, 'ఫ్యాను, పేపరు మడత, కుర్చీ లాగడం, మీ మాటలు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయిరా' అన్నారు. అంతమందిలో ఒక్కరికీ ఆయన్ని అడగాలని తోచలేదు. నేను కూడా అన్ని నెలల తర్వాత గానీ అడగలేదు.

కళ్లజోడు పెట్టుకోగానే కనిపించినట్టు చెవి మిషన్ పెట్టుకోగానే వినిపించదు. ఏళ్ల తరబడి వినని చిన్న శబ్దాలన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఏది మాట, ఏది రొద అని మెదడు మళ్లీ వేరు చేసుకోవడానికి వారాలు పడుతుంది. మొదట ప్రశాంతమైన గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకి గంటో రెండు గంటలో పెట్టుకోవాలి. ఇబ్బంది పెట్టిన శబ్దాలన్నీ కాగితం మీద రాసుకుని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గరికి మళ్లీ వెళ్లాలి. వాళ్లు ట్యూనింగ్ మారుస్తారు. ఒక్కసారి వెళ్లి ఊరుకోవడం వల్లే చాలా మిషన్లు సొరుగు పాలవుతున్నాయి. పెదనాన్న మిషన్ మూడోసారికి కుదిరింది.

మీరు చేయాల్సింది కూడా ఉంది. అరవకండి. అరిస్తే నోటి కదలిక వంకరపోతుంది, పెదాలు చూసి అర్థం చేసుకునే వీలు పోతుంది. ఎదురుగా, ముఖంమీద వెలుతురు పడేలా నిలబడి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా మాట్లాడండి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని పదిసార్లు అనకుండా మాట మార్చి చెప్పండి. 'ఏం లేదులే' అని మాత్రం ఎప్పుడూ అనకండి.

బ్యాటరీ మార్చుకునే రకం అయితే ఒక చిట్కా. ఈ జింక్ ఎయిర్ బ్యాటరీలు గాలితో పనిచేస్తాయి. స్టిక్కర్ పీకాక కనీసం ఒక నిమిషం బయట ఉంచి అప్పుడు మిషన్‌లో పెట్టండి. స్టిక్కర్ తిరిగి అంటించినా ఖర్చవడం ఆగదు, కాబట్టి ముందుగా పీకి పెట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో ఈ బ్యాటరీలు చాలా జాగ్రత్త, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక యాప్ సంగతి. గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ 2019లో వచ్చింది. ఎదుటివాళ్ల మాటని అప్పటికప్పుడు అక్షరాల్లో చూపిస్తుంది, తెలుగు కూడా రాస్తుంది. ఫోన్ మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టాలి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం అవుతుంది. డాక్టరు మందుల మోతాదు చెప్పినప్పుడు మాత్రం దీన్ని నమ్మవద్దు, కాగితం మీద రాయించుకోవాలి. ఇది మిషన్‌కి తోడుగా పనికొస్తుంది, మిషన్ బదులు కాదు.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినపడదు. సంకేత భాషే నా మొదటి భాష. ఆఫీసు వీడియో మీటింగుల్లో క్యాప్షన్లు (మాటని తెరమీద చూపే అక్షరాలు) ఉన్నాయి కదా, సంకేత భాషలోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రిటర్ ఎందుకని అంటున్నారు. పైగా ఎవరు మాట్లాడితే వాళ్ల వీడియో పెద్దదై ఇంటర్‌ప్రిటర్ మాయమైపోతారు.

మీరే రాశారు, చాలా సంతోషం. రెండో సమస్య తేలిక: ఇంటర్‌ప్రిటర్ వీడియోని 'పిన్' చేయండి, ఎవరు మాట్లాడినా అది కదలదు. జూమ్‌లో అయితే సంకేత భాష ఇంటర్‌ప్రిటర్‌కి వేరే విండో ఇచ్చే సౌకర్యం ఉంది, మీటింగ్ పెట్టేవాళ్లు ముందే ఆన్ చేయాలి.

మొదటిది మీ ఆఫీసుకి చెప్పాల్సిన మాట. సంకేత భాషకి దాని వ్యాకరణం దానికుంది, అది మాట్లాడే భాషకి చేతులతో చేసిన నకలు కాదు. క్యాప్షన్ చదవడమంటే మీకు రెండో భాషలో చదవడం. తెలుగు, ఇంగ్లిష్ కలిపి మాట్లాడేచోట ఆటోమేటిక్ క్యాప్షన్లు తరచూ తప్పుతాయి, మనుషుల పేర్లు మరీనూ. అన్నిటికంటే, క్యాప్షన్ వాళ్ల మాట మీకు చూపిస్తుందే గానీ మీ మాట వాళ్లకి చేరవేయదు. ఆ పని చేసేది ఇంటర్‌ప్రిటరే. ఈ వాక్యం అలాగే మీ మేనేజర్‌కి పంపండి.

ప్రశ్న: పార్కిన్సన్స్ వల్ల చేతులు వణుకుతాయి. ఒకసారి ముట్టుకుంటే ఫోన్ రెండుసార్లు అనుకుంటోంది.

ఐఫోన్‌లో 'టచ్ అకామొడేషన్స్' ఉంది. వేలు ఎంతసేపు ఆనితే టచ్‌గా లెక్కపెట్టాలో, వెంటవెంటనే పడే టచ్‌లని వదిలేయాలో అందులో పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో సామ్‌సంగ్ వంటి కొన్ని ఫోన్లలో యాక్సెసబిలిటీ కింద 'ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్' ఉంటుంది, అది ఆన్ చేసి చూడండి. విండోస్ కంప్యూటర్లో కీబోర్డుకి 'ఫిల్టర్ కీస్' ఇదే పని చేస్తుంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) వాడతాను. వెబ్‌సైట్లు బాగానే చదువుతుంది, కానీ కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. ఫోన్‌లో ఇంకో బాధ: నేను వాడే ఒక యాప్‌లో డబ్బు పంపే స్క్రీన్‌లో మూడు బటన్లకి 'అన్‌లేబుల్డ్' (పేరు లేనిది) అని మాత్రమే అంటుంది. ప్రతిసారీ మా ఆవిడని పిలవాల్సి వస్తోంది.

ఎన్‌వీడీఏ తప్పేమీ లేదు. దాన్ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కి కూడా చూపు లేదు. అందరికీ ఉచితంగా ఉండాలనే తయారుచేశారు. తప్పు ఆ పీడీఎఫ్ టైపు చేసిన పద్ధతిలో ఉంది. యూనికోడ్‌లో 'క' అంటే ఏ కంప్యూటర్లోనైనా 'క'నే. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. మీ స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతోంది.

ఆ పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిచి చూడండి. స్కాన్ చేసిన పేజీ అయితే బొమ్మని చూసి అక్షరాలు గుర్తుపడుతుంది. మళ్లీ ఇంగ్లిష్ ముక్కలే వస్తే పేజీలని బొమ్మలుగా మార్చి ఎక్కించండి. ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర పొరపాట్లు వస్తాయి, ముఖ్యమైన కాగితమైతే ఒకసారి సరిచూసుకోవాలి. దరఖాస్తులు, పాఠాలు, పత్రికలు తయారుచేసేవాళ్లు ఇది చదువుతుంటే, యూనికోడ్‌లో టైపు చేయండి. వాట్సాప్‌లో ప్రకటనని బొమ్మగా పంపేవాళ్లు అందులోని మాటలు కింద టైపు చేసి పంపండి. రెండు నిమిషాల పని.

బటన్ల సంగతి. ఒకసారికి మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకోవాల్సిందే, కానీ డబ్బు పంపడానికి కాదు, పేర్లు పెట్టడానికి. ఆమె 'ఇది వెనక్కి, ఇది స్కాన్, ఇది పంపు' అని చెబుతుంటే మీరు లేబుల్ పెట్టుకోండి. ఆ బటన్ మీద వేలు ఉండగా టాక్‌బ్యాక్ మెనూ తెరిస్తే లేబుల్ పెట్టే వీలు చాలా బటన్లకి ఉంటుంది. ఐఫోన్ అయితే రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, రెండోసారి వేళ్లు తీయకుండా పట్టుకోండి. ఇకమీద ఆ పేరే చదువుతుంది. పిన్ కొట్టేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. టాక్‌బ్యాక్ మెనూలో తెరని నల్లగా చేసే 'హైడ్ స్క్రీన్' ఉంది, అదీ ఆన్ చేసుకుంటే పక్కవాళ్లకి ఏమీ కనిపించదు.

ఆ తర్వాత యాప్ తయారుచేసినవాళ్లకి రాయండి. 'మీ యాప్ పనిచేయడం లేదు' అని రాస్తే పట్టించుకోరు. ఇలా రాయండి: 'నేను టాక్‌బ్యాక్‌తో మీ యాప్ వాడతాను. డబ్బు పంపే స్క్రీన్‌లో కుడివైపు పైన ఉన్న మొదటి బటన్, దాని పక్కది, అడుగున ఉన్నది, ఈ మూడింటికీ లేబుల్ లేదు. నా ఫోన్ మోడల్ ఇది, యాప్ వెర్షన్ ఇది.' ఒక్కో బటన్‌కి ఒక్క లైను కోడ్ చాలు, చదివిన ప్రోగ్రామర్‌కి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. నెల రోజుల్లో మార్పు రాకపోతే యాప్ పేరు, స్క్రీన్ పేరు నాకు పంపండి. నేనూ టాక్‌బ్యాక్ ఆన్ చేసి చూసి వాళ్లకి రాస్తాను.