గుర్తుండని వయసులో ప్రయాణాలు దండగా?

ప్రశ్న: మాది విజయనగరం. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడు. మావారి జీతం 58,000. అద్దె 9,500, ఇంటి ఖర్చు 20,000, బడి, వ్యాను కలిపి 6,500, బండి వాయిదా 4,200 (ఇంకా ఎనిమిది నెలలు), చీటీ 5,000, ఊళ్లో అత్తమామలకు 4,000. రోజులన్నీ వంటకీ హోంవర్కుకీ సరిపోతున్నాయి, మేం బతుకుతున్నట్టే లేదు. అందుకే 1,80,000 అప్పు చేసి సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. అత్తగారేమో ‘ఈ వయసులో పిల్లలకేం గుర్తుంటుంది, ఆ డబ్బుతో బంగారం కొనుక్కోండి’ అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట సగమే ఒప్పుకుంటాను. పాపకు గుర్తుండదు. బాబుకు కొంత ఉంటుంది, మీ ఇద్దరికీ పూర్తిగా ఉంటుంది. అలసిపోయింది మీరే కదా, మీకోసం వెళ్లడమూ న్యాయమైన ఖర్చే. నాకు నచ్చనిది ఆ అప్పు.

1,80,000ను 14 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,150 కట్టాలి. వడ్డీయే 41 వేలు దాటుతుంది. మీ లెక్క ప్రకారం నెలకు మిగిలేది 8,800. అంటే ఐదు రోజుల విహారం కోసం మూడేళ్లపాటు ఎక్కడికీ కదలలేరు. బాబుకు తొమ్మిదేళ్లు వచ్చేస్తాయి.

ఆ 8,800ను ఇలా పంచండి. ముందుగా మీవారి పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే ఆయనకు ఏదైనా జరిగితే ఇంటికి డబ్బు అందే బీమా. నలభై లోపు వయసు, పొగ అలవాటు లేకపోతే ఏడాదికి పది పదిహేను వేలలో దొరుకుతుంది, నెలకు 1,200 పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో బీమా ఊసే లేదు, అది నాకు కంగారు కలిగించింది. పాప పేరిట పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) తెరిచి నెలకు 2,000 వేయండి. పదిహేనేళ్లు కడితే చాలు, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. 8.2 శాతం వడ్డీ ఇలాగే ఉంటే మీరు కట్టే 3,60,000 సుమారు 11 లక్షలవుతుంది. వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి అటూ ఇటూ కావచ్చు. 2,600 ఆపద సొమ్ము. చీటీ పాట మీకు వచ్చినప్పుడు ఆ మొత్తమూ అందులోకే పోవాలి, సింగపూర్‌కు కాదు.

మిగిలిన 3,000 తిరగడానికే. విడిగా ఒక ఖాతాలో వేయండి. బడి ఫీజుకో ఫ్రిజ్ మరమ్మతుకో అందులోంచి తీయొద్దు. నేను ఖర్చు తగ్గించమని చెప్పని పద్దు ఇదొక్కటే! నెలకో రోజు దగ్గరలోకి వెయ్యి రూపాయలు, మిగిలింది ఏడాదికోసారి దూరానికి.

దగ్గర అంటే చిన్నచూపు వద్దు. చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెట్లమీదే గూళ్లు కట్టుకుంటాయి, పిల్లల్ని మోస్తూ ఎంతో నడవక్కర్లేదు. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాల మధ్య బాబును పరుగెత్తనిచ్చి, అక్కడి నుంచి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వెళ్తే ఒక రోజు నిండిపోతుంది. పులిహోర డబ్బా, నీళ్లు ఇంటి నుంచే. విశాఖలో అరకు రైలెక్కితే సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం పిల్లల కేకలే. రైల్లో ఐదేళ్ల లోపు వారికి బెర్తు అడగకపోతే టికెట్ లేదు. ఐదు నిండి పన్నెండు లోపైతే, బెర్తు వద్దంటే సగం. పాప ఉచితంగా తిరిగేది ఇంకా రెండేళ్లే కనుక దూరపు రైలు ప్రయాణాలు ఇప్పుడే పెట్టుకోండి.

మీ ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర జరిగే నెలలో మాత్రం ఎక్కడికీ వద్దు. ఇంటినిండా చుట్టాలుంటారు, ఆ ఖర్చు మీకు తెలియనిది కాదు.

బండి వాయిదా తీరాక మిగిలే 4,200లో సగం ఆపద సొమ్ముకు, సగం సింగపూర్ పేరిట రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. ఏడేళ్లు పట్టవచ్చు. అప్పటికి పాపకూ గుర్తుంటుంది, అత్తగారికీ అభ్యంతరం ఉండదు.