ఇచ్ఛాపురం నుంచి సాలూరుకు పెళ్ళిబస్సు మాట్లాడే ముందు

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇచ్ఛాపురం నుంచి సాలూరుకు 170 కిలోమీటర్లని రాసుకుని బస్సు బేరానికి కూర్చుంటున్నావు. లెక్క తప్పు కాదు గానీ, అది మ్యాపు మీద నేరుగా గీసిన గీత పొడవు. ఆ దూరంతో బేరమాడితే డబ్బులూ చాలవు, ముహూర్తమూ అందదు.

ఆ 170 ఎలా వచ్చిందో ముందు చూడు. ఫోన్‌లో మ్యాపు తెరిచి ఊరి మీద వేలు నొక్కి ఉంచితే అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి. ఇచ్ఛాపురానికి సుమారు 19.12, 84.70, సాలూరుకు 18.52, 83.21. తేడాలు 0.60, 1.49. మన వైపు ఒక డిగ్రీ అక్షాంశానికి దాదాపు 110.7 కి.మీ., రేఖాంశానికి 105.4 కి.మీ. అంటే ఉత్తర దక్షిణాలుగా 66, తూర్పు పడమరలుగా 157. వాటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 170. రెండింటికీ 111 వేసేస్తే ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువొస్తుంది. ఇంకోటి, పాత మ్యాపుల్లో 19 డిగ్రీల 7 నిమిషాలని ఉంటుంది. దాన్ని 19.07 అని రాసుకోకు. నిమిషాలను 60తో భాగించాలి, అప్పుడే 19.12 అవుతుంది. లేకపోతే ఊరు ఐదు కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

ఇప్పుడు దారి సంగతి. ఆ గీత 1501 మీటర్ల మహేంద్రగిరి పక్కనుంచి, ఒడిశా కొండల మీదుగా పోతుంది. బస్సు మాత్రం కొండలను చుట్టి రావాలి. అందుకే తప్పనిసరిగా తిరగాల్సిన మలుపుల దగ్గర గీతను ముక్కలు చెయ్యి. ఇచ్ఛాపురం నుంచి హైవే వదిలే చిలకపాలెం దాకా 134, అక్కణ్ణుంచి రాజాం మీదుగా రామభద్రపురం 60, సాలూరుకు మరో 8. మొత్తం 202. ఇవీ నేరు గీతలే కాబట్టి రోడ్డు వంపులకు పదో వంతు కలుపు. బేరానికి ఒకవైపుకు 225 వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

టెక్కలి, పాలకొండ మీదుగా దగ్గరే. కానీ ఇరుకు రోడ్లు, పెద్ద బస్సుకు నేనైతే ఒప్పుకోను. ఫోను పర్లాకిమిడి మీదుగా చూపిస్తే ఇంకా జాగ్రత్త. అది ఒడిశా, బండికి అక్కడి పర్మిట్ ఉందో లేదో ముందే అడుగు.

రేటు రానుపోను కిలోమీటర్లకే కడతారు. బస్సు పలాస నుంచి ఖాళీగా వచ్చేదైతే ఆ దూరం ఎవరి ఖాతాలోదో అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకో. బండి కదలక ముందు మీటరు ఫోటో తీసుకో.

టైము మొత్తానికి ఒకే వేగం వెయ్యకు. హైవే మీద గంటకు 60 చొప్పున రెండున్నర గంటలు, చిలకపాలెం దాటాక 35 చొప్పున రెండు గంటల పైమాటే. టీలకు, పిల్లలకు ముప్పావుగంట కలిపితే ఐదుంపావు గంటల పైనే. దిగాక తయారవడానికీ టైము కావాలి కాబట్టి, ముహూర్తం రాత్రి పదకొండుకైతే మధ్యాహ్నం మూడుకల్లా అందరూ బస్సెక్కాలి.

ఇట్లు,
మీ మావయ్య